బోర్డు పునాదికి గాలి లెక్క

ప్రశ్న: భీమునిపట్నంలో మా పాఠశాల ముందు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల బోర్డును రెండు ఇనుప స్తంభాలపై, నేలకు 2 మీటర్లు పైన నిలపాలనుకుంటున్నాము. ఒక్కో స్తంభానికి పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులుండే గుంత తీసి కాంక్రీటు పోస్తే చాలునని మేస్త్రీ గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదు. బోర్డు బరువు మోయడానికి ఆ గుంతలు సరిపోతాయి గాని, ఇటువంటివి కూలేది గాలికి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం విశాఖ తీరానికి సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల, గాలివేగాన్ని నిర్దేశించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు మీ ప్రాంతం దాదాపు అంతటి గాలినే చవిచూసింది. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. దానిని పలక ఆకారానికి వర్తించే 1.2 అనే గుణకంతో, 6 చదరపు మీటర్ల వైశాల్యంతో హెచ్చిస్తే బోర్డుపై దాదాపు 1,100 కిలోల బలం పడుతుంది. అది గుంత అడుగుకు 3.6 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది కనుక పడదోసే మూమెంటు (బలాన్ని ఆ ఎత్తుతో హెచ్చిస్తే వచ్చే, తిప్పి పడదోసే ప్రభావం) సుమారు 4,000 కిలోగ్రామ్-మీటర్లు. మేస్త్రీ గారి దిమ్మె ఒక్కొక్కటి 540 కిలోలు తూగుతుంది, దాని బరువు అంచుకు ఒక్క అడుగు దూరంలోనే ఉంటుంది. రెండూ కలిసి ఎదుర్కోగలిగేది 330 కిలోగ్రామ్-మీటర్లు మాత్రమే. చుట్టూ ఉన్న మట్టి కొంత ఆసరా ఇచ్చినా, పన్నెండో వంతు బలాన్ని నమ్ముకుని పిల్లలు తిరిగే చోట బోర్డు నిలపడం ఎంతమాత్రం తగదు.

రెండు స్తంభాలకూ కలిపి ఒకే పునాది వేయించండి. బోర్డు పొడవునా 3.5 మీటర్లు, గాలి వీచే దిశలో 2 మీటర్లు, మందం అర మీటరు ఉండే ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) పలకను, దాని అడుగు 0.9 మీటర్ల లోతున ఉండేలా వేసి, పైన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టిస్తే, నిలబెట్టే మూమెంటు పడదోసే దానికి సుమారు మూడు రెట్లవుతుంది. ఇక్కడ ప్రాణమంతా ఆ 2 మీటర్లలోనే ఉంది. స్థలం చాలదని దానిని తగ్గించి, పొడవు పెంచితే అంత ప్రయోజనం ఉండదు. తీరంలో భూగర్భజలం పైకి వచ్చే చోటైతే, నీట మునిగిన కాంక్రీటు ఘనమీటరుకు 1,000 కిలోల బరువు కోల్పోతుంది కాబట్టి వానాకాలపు నీటిమట్టాన్ని చూసి కొలతలు పెంచాలి. మట్టిని పరీక్షించి, ఇనుము, బోల్టుల లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరు ఖాయం చేయాలి.

ఉప్పుగాలికి స్తంభం మొదలే ముందు తుప్పుపడుతుంది. అందువల్ల పెడస్టల్‌ను (స్తంభం మొదలును నిలిపే కాంక్రీటు దిమ్మెను) నేలకు కనీసం 15 సెంటీమీటర్లు పైకి లేపి, నీరు నిలవకుండా పైభాగానికి వాలు ఇప్పించండి.