హాస్పిస్ నర్సుగా చేరతానంటున్న అమ్మాయి: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. చదువు పూర్తి కాగానే క్యాన్సర్ ముదిరిన రోగులను చూసుకునే హాస్పిస్‌లో చేరతానంటోంది. రోజూ చావులు చూసే ఉద్యోగం ఈ వయసులో ఎందుకని మా ఇంట్లో అందరి బాధ. అందులో ఎదుగుదల ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ దిగులు సహజమే గానీ, ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో తెలిస్తే అది కొంత తగ్గుతుంది. ఒకసారి, రోగులను ఇళ్లకు వెళ్లి చూసే హోమ్‌కేర్ బృందం వెంట నేను ఒక ఇంటికి వెళ్లాను. పెద్దాయనకు దవడ క్యాన్సర్; పుండు వాసనకు భార్య తప్ప ఆ గదిలోకి ఎవరూ వెళ్లడం లేదు. నర్సు పుండు కడిగి, వాసన తగ్గించే మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి దాని మీద చల్లి, కట్టు కట్టే పద్ధతిని ఆవిడకు దగ్గరుండి నేర్పింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రను నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టరు రాసినట్టు నాలుగు గంటలకొకసారి వేయాలని, దానివల్ల మలబద్ధకం వస్తుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మానకూడదని కోడలి చేత కాగితం మీద రాయించింది. తర్వాతి వారం మేము వెళ్లేసరికి మనవడు ఆ మంచం మీదే కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాడు.

ఈ పనిలో భాషకు చాలా విలువ ఉంది. రోగి ‘పోటు’ అన్నా ‘సలుపు’ అన్నా ‘మంట’ అన్నా ‘తిమ్మిరి’ అన్నా మనకు నొప్పే గానీ, మంట, తిమ్మిరి అన్నప్పుడు నరాల నొప్పేమోనని అనుమానించి వేరే మందు ఆలోచించవలసి ఉంటుంది. ఆ తేడాను రోగి మాటల్లోనే పట్టుకుని డాక్టరుకు చేరవేయగల నర్సు మన జిల్లాల్లో ఎంతో అవసరం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సుగా, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ పైన వైద్యం చదివి డాక్టరు అయ్యారు.

ఇక ఎదుగుదల సంగతి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోని పాలియేటివ్ (ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే) విభాగం, స్పర్శ్ హాస్పిస్, తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో నడిపే పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఈ రంగంలో నర్సులకు పని ఉన్న చోట్లు. ట్రస్టులు నడిపే చోట జీతం కార్పొరేట్ ఆసుపత్రి స్థాయిలో ఉంటుందని ఆశించకండి. ప్రభుత్వ కేంద్రాల్లో అయితే ఆ పోస్టు పర్మనెంటా, కాంట్రాక్టా అన్నది చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

నా సలహా ఏమిటంటే, డిగ్రీ చేతికి రాగానే నేరుగా హాస్పిస్‌లో చేరకుండా, ఒకటి రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో మెడికల్ వార్డులోనో క్యాన్సర్ వార్డులోనో పనిచేయడం మంచిది. వెంట డాక్టరు లేని హోమ్‌కేర్ సందర్శనలో రోగి పరిస్థితి మారినప్పుడు నర్సే ముందుగా నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఆ నిబ్బరం వార్డులోనే వస్తుంది. ఆ తర్వాత తిరువనంతపురంలోని పాలియం ఇండియా, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ వంటి సంస్థల సర్టిఫికెట్ కోర్సుల్లో ఒకటి చేసి, వీలైతే ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) తీసుకుంటే బోధన వైపూ దారి ఉంటుంది.

మరొక్క మాట, నొచ్చుకోకండి. మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా ఇదే జబ్బుతో పోయి, ఆ దుఃఖంలోంచే అమ్మాయికి ఈ కోరిక పుట్టి ఉంటే, ఏడాది ఆగమని నచ్చచెప్పండి. అలాంటిదేమీ లేకపోతే, పరీక్షలయ్యాక కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి ఉత్తరం తీసుకుని, ఒక వారం హాస్పిస్‌లో వాలంటీరుగా ఉండేందుకు అనుమతి అడగమనండి. మొదటి రోజు మీరు కూడా వెంట వెళ్లి, ఓ గంటసేపు ఆ వరండాలో కూర్చుని రండి.