మడ్ ప్రవాహం మీద మొదటి వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం అందింది, చదివాను. లెక్కల్లో పెద్దగా తప్పుల్లేవు. కానీ మొదటి పేజీలోనే హెర్షెల్-బల్క్‌లీ సమీకరణం (మడ్ కదలడానికి కావలసిన కనీస బలాన్నీ, వేగం పెరిగేకొద్దీ అది పలచబడటాన్నీ కలిపి చెప్పేది) పెట్టేశావు. పైపులో ఏం జరుగుతోందో అప్పటికి చదివేవాళ్లకు తెలియదు. ముందు అది చెప్పు. డ్రిల్లింగ్ మడ్, అంటే బావి తవ్వేటప్పుడు పైపులోంచి కిందికి పంపే బురద లాంటి ద్రవం, పారుతున్నప్పుడు పలచగా ఉండాలి, పంపు ఆగగానే గట్టిపడి రాతి ముక్కల్ని అడుక్కి జారనివ్వకుండా పట్టుకోవాలి. ఇది అర్థమైతే, విస్కాసిటీకి (ద్రవం చిక్కదనానికి) ఒక్క అంకె ఎందుకు చాలదో విడిగా చెప్పక్కర్లేదు.

'ఈ మడ్ బింగ్‌హామ్ ద్రవం' (కొంత బలం పడితేగానీ కదలని, కదిలాక ఒకే చిక్కదనంతో పారే ద్రవం) అని మాత్రం రాయకు. బింగ్‌హామ్ ఎవరో మడ్‌కి తెలియదు! విస్కోమీటర్‌లో (చిక్కదనం కొలిచే, తిరిగే పరికరం; ఆర్‌పీఎం అంటే నిమిషానికి చుట్లు) 600, 300 ఆర్‌పీఎం రీడింగుల గుండా మనం గీసుకున్న సరళరేఖ అది, అంతే. నీ ఉదాహరణే తీసుకో: 600 దగ్గర 60, 300 దగ్గర 40. తేడా 20, అది ప్లాస్టిక్ విస్కాసిటీ. 40లోంచి దాన్ని తీసేస్తే మిగిలిన 20 ఈల్డ్ పాయింట్, అంటే మడ్‌ని కదిలించడానికి కావలసిన కనీస బలం. ఇప్పుడు అదే గీతను 3 ఆర్‌పీఎం దాకా పొడిగించి చూడు, రీడింగ్ సుమారు 20 రావాలంటుంది. అవే రెండు రీడింగులతో పవర్ లా (రీడింగ్ వేగపు n ఘాతంతో పెరుగుతుందనే సూత్రం) వేస్తే n విలువ 0.585, 3 ఆర్‌పీఎం దగ్గర రీడింగ్ మూడు కూడా రాదు. మడ్ ఒకటే, జవాబుల మధ్య ఏడు రెట్ల తేడా! ఏది నమ్మాలో 3, 6 ఆర్‌పీఎం దగ్గర కొలిస్తేనే తేలుతుంది. హెర్షెల్-బల్క్‌లీ అవసరం ఇక్కడ పడుతుంది కాబట్టి, ఆ సమీకరణాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టు.

ఇదంతా ఎందుకంటే, 600, 300 రీడింగులు సెకనుకు 1022, 511 షియర్ రేట్ల దగ్గరివి (షియర్ రేటు అంటే ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి ఎంత వేగంగా జారుతున్నాయో చెప్పే కొలత). డ్రిల్ పైపు లోపలి ప్రవాహానికి అవి కొంత దగ్గరగా ఉంటాయి. మడ్ పైకి తిరిగొచ్చే దారిలో, అంటే పైపుకీ బావి గోడకీ మధ్య, షియర్ రేటు సాధారణంగా చాలా తక్కువ. ప్రతి గ్రాఫ్ కిందా అది ఏ షియర్ రేట్ల మధ్య చెల్లుతుందో రాయి. యూనిట్లు కూడా ఒకే పద్ధతిలో ఉంచు, పౌండ్లూ పాస్కల్సూ కలిపేస్తే చదివేవాళ్లకు టెన్షన్.

ఇక టర్బులెన్స్, అంటే ప్రవాహం సుడులు తిరగడం. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం జోరుకీ చిక్కదనం వల్ల కలిగే అడ్డుకీ ఉన్న నిష్పత్తి) 2100 దాటితే మొదలవుతుందన్నావు, అది నీళ్ల లాంటి ద్రవాలకు. పవర్ లా మడ్‌కి ఆ హద్దు n బట్టి మారుతుంది. డ్రిల్లింగ్ లెక్కల్లో 3470 నుంచి 1370n తీసేస్తారు. నీ మడ్‌కి సుమారు 2670 వస్తుంది. చివరి రెండు పట్టికలు ఆ హద్దుతో మళ్లీ లెక్కగట్టి పంపు.

అన్నయ్య