అరసవల్లిలో సూర్యకిరణాలు మార్చి, అక్టోబరు నెలల్లోనే స్వామివారి పాదాలను ఎందుకు తాకుతాయి?

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో సూర్యకిరణాలు ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ మూలవిరాట్టు పాదాలను తాకుతాయి కదా, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఎందుకు తాకవు, చూడాలంటే ఏ నెలలో రావడం మంచిది అని మీరు అడిగారు. శ్రీకాకుళంవాడిని కనుక నేను గమనించినదీ, లెక్కకు అందినదీ రాస్తున్నాను.

సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతంలోనే. మిగతా కాలమంతా ఉదయించే చోటు జరుగుతూనే ఉంటుంది. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైనున్న మన ఊరినుంచి చూస్తే అది తూర్పుకు ఇటూ అటూ దాదాపు 25 డిగ్రీల వరకూ వెళ్తుంది. సంక్రాంతి రోజుల్లో మా డాబా మీద నిలబడి, ఏ కొబ్బరిచెట్టు పక్కనుంచి సూర్యుడు వచ్చాడో గుర్తుపెట్టుకుని, రోహిణీకార్తెలో అదే చోటినుంచి చూస్తే ఆ చెట్టు ఎక్కడో కుడివైపున మిగిలిపోయి ఉంటుంది.

ఇక గుడి సంగతి. గాలిగోపురం గుమ్మం, అనివెట్టి మండపం, గర్భాలయ ద్వారం ఒకే వరుసలో ఉండి, మన పాత ఇళ్లలో వీధి గుమ్మంలోంచి పెరటి తలుపు కనిపించినట్లు, లోపలికి ఒక సన్నని దారి మాత్రమే విడిచిపెడతాయి. ఆ దారికి ఎదురుగా సూర్యుడు వచ్చిన రోజునే వెలుగు పాదాల దాకా చేరగలదు. పై తేదీల్లో సూర్యుడు తూర్పుకు సుమారు నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు, కాస్త పైకి వచ్చేసరికి మరికొంచెం దక్షిణానికి ఒరుగుతాడు. దీన్నిబట్టి ఆలయం చూపు కచ్చితమైన తూర్పుకు కాక, ఐదారు డిగ్రీలు ఆగ్నేయం వైపుకు ఉండాలి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో కిరణాలు పక్కకు పోవడానికి కారణం ఇదే.

రెండుసార్లు ఎందుకంటే, దక్షిణాయనంలో దిగువకు వెళ్తూ ఒకసారి, ఉత్తరాయణంలో తిరిగి వస్తూ మరొకసారి సూర్యుడు అదే చోటును దాటుతాడు. డిసెంబరు 21 నుంచి వెనక్కు లెక్కించినా ముందుకు లెక్కించినా ఈ తేదీలు సుమారు 80 రోజుల దూరంలోనే ఉంటాయి. రథసప్తమి నాడే కిరణాలు పడతాయని చాలామంది నమ్ముతారు, ఆ రోజు ఉండే జనాన్ని చూస్తే అలా అనిపించడం సహజమే; కానీ ఫిబ్రవరి మొదట్లో సూర్యుడు ఇంకా 17 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. పైగా రథసప్తమి తిథిని బట్టి ఏటా జరుగుతుంది, కిరణాలు పడే రోజులు మాత్రం సౌరమానానికి కట్టుబడి ఉంటాయి.

ఈ వింత ఒక్కరోజుతో ముగిసిపోకపోవడానికి కూడా లెక్క ఉంది. మార్చి, అక్టోబరుల్లో ఉదయస్థానం రోజుకు సుమారు 0.4 డిగ్రీలు జరుగుతుంది, సూర్యబింబం వెడల్పేమో అర డిగ్రీ. బింబం తన వెడల్పంత దూరం పూర్తిగా జరగకముందే మర్నాడు వచ్చేస్తుంది కనుక, మొదటి రోజు మబ్బు పట్టినా రెండో రోజుమీద ఆశ పెట్టుకోవచ్చు. అయితే సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున కదులుతాడు కాబట్టి ఏ రోజైనా ఆ దృశ్యం నిలిచేది కొద్ది నిమిషాలే.

నన్నడిగితే మార్చిలోనే రండి. అక్టోబరు మన తీరానికి అల్పపీడనాల కాలం. హుద్‌హుద్ 2014లోనూ, తిత్లీ 2018లోనూ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను లేకపోయినా తూర్పున సముద్రం మీద మబ్బు తెర నిలిస్తే చాలు, చేసేదేమీ ఉండదు. అక్టోబరులోనే రాక తప్పకపోతే మరింత పెందలాడే వరుసలో నిలబడండి. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడంవల్లా, అక్షం వాలి ఉండడంవల్లా గడియారం ప్రకారం సూర్యుడి రాక ముందువెనుకలవుతుంది. మార్చిలో ఆరు దాటిన కాసేపటికి ఉదయించే సూర్యుడు అక్టోబరు మొదట్లో ఆరుకు పావుగంట ముందే వచ్చేస్తాడు.