పన్ను నొప్పి తగ్గిందని రూట్ కెనాల్ మానేయకండి

విదేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే. "డెంటిస్టు రూట్ కెనాల్ చేయించుకోమన్నారండీ. కానీ నాలుగు రోజులుగా నొప్పే లేదు. ఇండియా వెళ్ళినప్పుడు చూసుకోవచ్చా?"

వద్దండీ. ఆ నొప్పి ఎందుకు తగ్గిందో తెలిస్తే మీరే ఆగరు. పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగాన్ని పల్ప్ అంటారు. పిప్పి అక్కడిదాకా చేరితే చల్లనీళ్ళు తగిలినా పన్ను జివ్వుమంటుంది, రాత్రిళ్ళు సలుపుతుంది. కొన్నాళ్ళకు ఆ నరం చచ్చిపోతుంది. దాంతో నొప్పి ఆగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం వేరు చివరి నుంచి దవడ ఎముకలోకి పాకుతూనే ఉంటుంది. మీకు సెలవు దొరికేలోపు చీము పట్టొచ్చు. విమానంలో గాలి ఒత్తిడి మారినప్పుడు ఇలాంటి పన్ను భరించలేనంతగా పోటు పెట్టడమూ ఉంది.

వెంట తెచ్చుకున్న యాంటీబయాటిక్స్‌తో సరిపెట్టుకుందామని కొందరు చూస్తారు. మందు ఎక్కడికి చేరాలన్నా రక్తంతోనే చేరాలి. చచ్చిన పల్ప్‌లోకి రక్తమే వెళ్ళదు. వాపు, జ్వరం ఉంటే డాక్టరే మందు రాస్తారు, అయినా లోపల శుభ్రం చేయక తప్పదు. ముఖం, మెడ వాచి మింగడానికో ఊపిరి తీసుకోవడానికో కష్టమైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇక రూట్ కెనాల్ అంటే ఉండే నొప్పి భయం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి, ఫైళ్ళు అనే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో పాడైన పల్ప్ తీసి, పంటి వేరు లోపలి కాలువలు శుభ్రం చేస్తారు. మందు ద్రావణంతో కడిగి, గట్టాపెర్చా అనే పదార్థంతో మూసేస్తారు. బాగా వాచిన పంటికి ఒక్కోసారి మత్తు సరిగా ఎక్కదు, అది నిజమే. అప్పుడు ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. భాష తడబడుతుందనో, ఏమనుకుంటారోననో ఓర్చుకోకండి. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తుతానని ముందే చెప్పి కూర్చోండి. తర్వాత రెండు మూడు రోజులు కొరికితే కాస్త నొప్పిగా ఉండటం మామూలే.

పై పన్ను ముట్టుకుంటే చూపు పోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్లో టెన్షన్ పడతారు. పళ్ళ నొప్పిని మోసే నరం వేరు, చూపును మోసే నరం వేరు. ఆ మాట వాళ్ళకు నెమ్మదిగా చెప్పండి.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఒళ్ళంతా జబ్బులు తెస్తుందనే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. ఆ భయం వందేళ్ళ పాతది. 1910లో విలియం హంటర్ అనే వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేసిన ప్రసంగంతో నోటి ఇన్ఫెక్షన్లే ఎన్నో రోగాలకు మూలమన్న వాదం ఊపందుకుంది. 1920ల్లో వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ దంతవైద్యుడు, పీకిన పళ్ళను కుందేళ్ళ చర్మం కింద పెట్టి చేసిన ప్రయోగాలు దానికి తోడయ్యాయి. ఆ ప్రయోగాల పద్ధతిలోనే లోపాలున్నాయని తర్వాత తేలింది. ఈలోగా ఎంతోమంది బాగున్న పళ్ళు కూడా పీకించుకున్నారు. అందుకే ఈ వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది.

పీకించేస్తే పీడా పోతుందనుకోకండి. పన్ను పోయిన చోట ఎముక అరుగుతుంది, పక్క పళ్ళు ఒరుగుతాయి. దాని స్థానంలో ఇంప్లాంటో (ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పన్ను) బ్రిడ్జో (పక్క పళ్ళకు ఆనించి పెట్టే పన్ను) పెట్టించుకోవడం ఇంకా పెద్ద పని.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. దవడ పంటికి రూట్ కెనాల్ అయ్యాక, నొప్పి లేదు కదా అని క్యాప్ (పంటి మీద బిగించే గట్టి తొడుగు) వాయిదా వేశాను. ఎనిమిది నెలల తర్వాత నములుతుంటే పన్ను నిలువునా చీలింది. పీకడం తప్ప దారి లేకపోయింది. అప్పటికే పిప్పికి సగం పోయిన పన్ను నమిలే ఒత్తిడికి ఆగదు. తాత్కాలిక ఫిల్లింగ్ పక్కల నుంచి ఉమ్మి, సూక్ష్మజీవులు మళ్ళీ లోపలికి దిగుతాయి. అందుకే రూట్ కెనాల్ రోజే క్యాప్‌కి కూడా తేదీ రాయించుకోండి.

ఇన్సూరెన్స్ విషయం: చాలా దేశాల్లో పళ్ళకు పాలసీ వేరు, ఏడాదికి పరిమితి వేరు. రూట్ కెనాల్, క్యాప్ రెండిటికీ మీ వాటా ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి.

అంతా అయ్యాక కూడా చెకప్‌లు మానొద్దు. క్యాప్ అంచు కింద పన్ను మళ్ళీ పుచ్చవచ్చు. లోపల నరం లేదు కాబట్టి అది జివ్వుమని మీకు చెప్పదు, డెంటిస్టు పరీక్షలోనో ఎక్స్‌రేలోనో బయటపడుతుంది.