సద్దుల బతుకమ్మ నాటికి ఐదో వారం

చిరంజీవి బిడ్డకు పాలమూరు నుండి నీ పెద్దనాయన ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

చవితి వెళ్లిన సోమవారం హైదరాబాదులో నీకు బరువు తగ్గే ఆపరేషన్ జరుగుతుందని, ఆ సంగతి నాకు చెప్పవద్దని నువ్వు అన్నావని, మీ నాయన నిన్న రాత్రి ఫోన్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆయన కడుపులో మాట దాగదని నీకు తెలియదా? పెద్దనాయన తన కథంతా చెప్పి భయపెడతాడని అనుకొని ఉంటావు. చెప్తాను, భయపెడతాను కూడా. వెళ్లవద్దని మాత్రం అనను. మీ నాయనమ్మ చక్కెర వ్యాధితో కుడికాలి రెండు వేళ్లు తీయించుకొని, గడప దాటడానికి గోడ పట్టుకొని నడిచిన రోజులు నువ్వు చూడలేదు. మోకాళ్లు పూర్తిగా మొరాయించిన తరువాత 58వ ఏట నేను తీసుకున్న నిర్ణయాన్ని నువ్వు 33వ ఏటనే తీసుకున్నావు. రాత్రంతా నిద్ర పట్టలేదు గాని, అందులో సగం సంతోషమే.

ఆసుపత్రిలో ఉండే రెండు మూడు రోజుల గురించి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. దానిని ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి. నడవమన్నప్పుడు నడువు. పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల భుజం నొప్పి పెడుతుంది, నాలుగు అడుగులు వేస్తే అది తగ్గుతుంది.

నీకు కూడా నాకు చేసిన స్లీవ్ పద్ధతేనని మీ నాయన చెప్పాడు. జీర్ణాశయంలో 75 నుండి 80 శాతం తీసివేసి, మిగిలిన దానిని సన్నని గొట్టంలా కుడతారు. అందులో పట్టేది 100 నుండి 150 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు టీ కొట్టు గ్లాసెడు. రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్ల నీళ్లు లోపలికి వెళ్లాలంటే పొద్దుటి నుండి రాత్రి వరకు కొంచెం కొంచెంగా చప్పరిస్తూ ఉండవలసిందే. 2018లో చెదలు పట్టిన మన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి, పురుగుల మందును చుక్క చుక్కగా ఎక్కించిన ఫోటోలు నీకు గుర్తుండాలి. నీళ్లు అలా వెళ్లాలి. చెంబెత్తి గటగటా తాగడం మన ఇంటి అలవాటు కాబట్టి ఇది వినడానికి తేలికగానే ఉంటుంది గాని, మొదటి పది రోజులు నాకు ఆకలి కంటె దాహమే పెద్ద శిక్ష అయింది. తినేటప్పుడు నీళ్లు తాగకు, తిన్న తరువాత అరగంట ఆగు. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తున్నదంటే నీళ్లు చాలడం లేదన్నమాట.

తిండి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదట తేట ద్రవాలు, అంటే కొబ్బరినీళ్లు, మజ్జిగ తేట, వడగట్టిన పెసరకట్టు. తరువాత రెండో వారం దాకా పాలు, మజ్జిగ, పలుచని రాగి జావ, వాళ్లు రాసిచ్చిన ప్రొటీన్ పొడి. ఆపైన మెత్తగా రుబ్బినవి: పప్పు, పెరుగు, గిలకొట్టి వండిన గుడ్డు. అన్నానికి, రొట్టెకు తొందరపడకు. మెతుకు మెత్తగా కనిపిస్తుంది గాని, ఆ సన్నని గొట్టంలో ముద్దగా అతుక్కుంటుంది. జొన్నరొట్టె మరీ మొండిది, నేను మూడో నెలలో గాని దాని ముఖం చూడలేదు. ఒక్కొక్క ఆసుపత్రి లెక్క కొంచెం వేరుగా ఉంటుంది, నీ కాగితంలో ఉన్నదే నీకు ప్రమాణం. ఎప్పుడైనా ముందు ప్రొటీన్ తిను. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూడమంటారు. ఒక పూట తిండికి అరగంట పట్టాలి. ఎక్కిళ్లు వచ్చినా, ముక్కు వెంట నీరు కారినా, రొమ్ములో బరువు అనిపించినా చేతిలో ఉన్న చెంచాను అక్కడే పెట్టెయ్యి. ఆ తరువాతి చెంచాయే మనిషిని చెరుస్తుంది.

ఇక నా సంగతి. ఇది మీ నాయనకు కూడా సగమే తెలుసు.

2018 మార్చి మొదట్లో ఆపరేషన్ అయినప్పుడు నా బరువు 121 కిలోలు. నాలుగు వారాలకు పైగా బుద్ధిగా ఉన్నాను. ఊళ్లో మాత్రం గ్యాస్ జబ్బుకు చూపించుకోవడానికి హైదరాబాదు వెళ్లానని చెప్పాను. తిండి ఆపుకోలేక పొట్ట కోయించుకున్నాడని నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. ఏప్రిల్‌లో జడ్చర్ల దగ్గర మేనకోడలి పెళ్లి జరిగింది. మేనమామను కాబట్టి పంక్తిలో కూర్చోక తప్పలేదు. బగారన్నం, మటన్ కూర వడ్డించి, వరుసకు బావమరిది అయ్యే ఒకాయన, "ఏంది బావా, పెండ్లిల గూడ ఉపాసమేనా? ఒక్క ముద్ద తింటే ఏమైతది?" అన్నాడు. అబద్ధం చెప్పి కూర్చున్నవాడికి అన్నం వద్దనడానికి ఏ కారణం ఉంటుంది? నాలుగు ముద్దలు తిన్నాను, అవి కూడా అందరితో సమానంగా లేవాలని తొందరగా తిన్నాను. రొమ్ములో బండ పెట్టినట్లయింది. ఫంక్షన్ హాలు వెనుక, నీళ్ల ట్యాంకరు చాటున, పట్టు కండువా చేతిలో చుట్టుకొని వాంతి చేసుకున్నాను.

తినడం తప్పే, అయితే అది చిన్న తప్పు. నన్ను పడగొట్టింది దాని తరువాతి 19 రోజులు. మరునాటి నుండి జావ తాగినా కక్కుతూనే ఉన్నాను. విటమిన్ గోళీ వాసన పడక దానిని మానేశాను. మీ పెద్దమ్మకు వినబడకుండా స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేవాడిని. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి అడిగితే అంతా బాగున్నదని చెప్పాను. ప్రశ్న సరిగా చదవకుండా జవాబు రాశారని ముప్పై ఏళ్లు పిల్లలను మందలించిన పంతులు, తనకిచ్చిన కాగితాన్ని తానే పాటించలేదని ఆ చిన్న వయసు డైటీషియన్ అమ్మాయితో ఎలా ఒప్పుకుంటాడు? నా లోకం అంతా ఆ సిగ్గు చుట్టే తిరిగింది.

నీరసించిపోయాను. మా వీధిలోని ఆర్ఎంపీ వచ్చి ఇంట్లోనే రెండు రోజులు గ్లూకోజు సీసాలు పెట్టాడు. మర్రిచెట్టు ఫోటోలు పత్రికల్లో వచ్చిన రోజులే అవి. చెట్టుకూ నాకూ ఒకటే వైద్యమని ఆయనతో పరాచికమాడాను కూడా. మూడో రోజు పొద్దున పత్రిక తెరిస్తే అక్షరాలన్నీ రెండేసిగా కనిపించాయి. తెలుగు పంతులుకు అన్నీ ద్విత్వాక్షరాలే కనిపిస్తున్నాయని దానికీ నవ్వాను. లేచి నిలబడితే కాళ్లు నా మాట వినలేదు. వాకిట్లో తూలుతుంటే ఎదురింటివాళ్లు కల్లు తాగాననుకున్నారు. మధ్యాహ్నానికి మీ పెద్దమ్మను మా అమ్మ అనుకొని పిలిచానట. అది నాకు జ్ఞాపకం లేదు.

కారణం థయమిన్, అంటే బి1 విటమిన్. మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి లోపలికి వెళ్లక, వాంతులు ఆగక ఆ నిల్వ అడుగంటుతుంది. గ్లూకోజును శరీరం వాడుకోవాలంటే థయమిన్ కావాలి. అది లేని మనిషికి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్త కూడా ఖర్చయి, దెబ్బ నేరుగా మెదడుకు తగులుతుంది. ముందు థయమిన్ ఇవ్వాలి, గ్లూకోజు ఆ తరువాత. ఇది నాకు హైదరాబాదులో నరాల డాక్టరు చెప్పేదాకా తెలియదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, వాంతులు ఎన్నాళ్ల నుండి అని. మీ పెద్దమ్మ రెండు రోజులని చెప్పింది, ఆమెకు తెలిసింది అంతే కదా. నేను రెండు చేతుల వేళ్లు చూపించి, మళ్లీ చూపించబోయి లెక్క తప్పాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు. నరానికి ఇంజెక్షన్లు ఇచ్చిన తరువాత కళ్లు కొద్ది రోజుల్లోనే సర్దుకున్నాయి గాని, నడక సరిపడడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ కరెంటు పోయినప్పుడు చీకట్లో నేను గోడ పట్టుకొనే నడుస్తాను.

అందుకని బిడ్డా, ఒక పూట వాంతి అయితే కారణం వెతుక్కో. ఒక రోజంతా ఏదీ నిలవకపోతే ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఏం తిని తెచ్చుకున్నావో దాచకుండా చెప్పు. ఎవరైనా సీసా పెట్టబోతే, నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది, థయమిన్ ఇవ్వండి అని నోరు తెరిచి అడుగు. అల్లుడికి కూడా ఈ మాట కంఠతా రావాలి, ఎందుకంటే ఆ దశలో రోగి బుద్ధి రోగి దగ్గర ఉండదు.

క్యాలెండరు ముందు పెట్టుకొని లెక్కవేశాను. సద్దుల బతుకమ్మ నాటికి నీకు ఐదో వారం, అంటే నా పెళ్లిభోజనం వారం. నల్లగొండలో మీ వాడకట్టు ఆడవాళ్లు నిన్ను వదిలిపెడతారా? సత్తుపిండి పొడిగా ఉంటుంది, గొంతు దిగి గొట్టంలో ముద్ద కడుతుంది. మలీదలో బెల్లం, అంత తీపి ఒక్కసారి లోపలికి జారితే కొందరికి గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం వస్తాయి. పులిహోర, కొబ్బరన్నం పేరెత్తవద్దు. డాక్టరు సరేనంటే చప్పట్లు కొడుతూ నిదానంగా చుట్టూ తిరుగు, నడక నీకు మంచిదే. వంగి వంగి ఆడకు, పూలతో నిండిన ఇత్తడి తాంబాళం చెరువు దాకా నువ్వు మోయకు. ఎవరైనా పెడితే కొంగున కట్టుకొని ఇంట్లో పిల్లకు ఇవ్వు. నాలా అబద్ధం చెప్పకు, ఆపరేషన్ అయిందని ముందే చెప్పెయ్యి. నవ్వేవాళ్లు రెండు రోజులు నవ్వుతారు.

వాంతులు గాక మరో రెండు సంగతులకు ఆలస్యం పనికిరాదు. కూర్చొని ఉండగానే గుండె వేగంగా కొట్టుకోవడం, జ్వరం, పెరిగే కడుపునొప్పి కలిసి వస్తే కుట్టిన చోట కారుతున్నదేమోనని అనుమానించాలి. ఇది మొదటి కొన్ని వారాలలో జరగవచ్చు. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా నెత్తురు గడ్డ కట్టిందేమో చూడాలి, 108కి ఫోన్ చెయ్యాలి. తెల్లవారనిద్దాం అనే మాట మీ నాయన నోట వస్తే వినకు. ఆయన జీవితమంతా తెల్లవారనిచ్చినవాడే.

నీ చక్కెర గోళీల మోతాదు డాక్టరు తగ్గిస్తాడు. పాత చీటీ ప్రకారం వేసుకుంటే చక్కెర పడిపోయి వణుకు, చెమటలు పడతాయి కాబట్టి ఇంట్లో మీటరుతో చూసుకుంటూ ఉండు. మెడికల్ షాపులో నొప్పుల గోళీలు అడిగి తెచ్చుకోకు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఆ కుట్లున్న పొట్టకు పడవు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి గోళీలు బరువు తగ్గాక మానేసేవి కావు, బ్రతికినంత కాలం వేసుకోవాలి. కాల్షియానికీ ఐరన్‌కూ మధ్య రెండు గంటలు ఎడం ఉండనివ్వు. మర్రిగూడ వైపు ఉద్యోగం చేసిన రోజుల్లో ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంగిపోయిన పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. నీ జబ్బు వేరు, వాళ్ల జబ్బు వేరు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఎముకల మాట వస్తే నా మనసు అక్కడికే పోతుంది. కాల్షియం మరువకు.

చిన్నది ఎత్తుకొమ్మని ఏడుస్తుంది. ఆరు వారాల దాకా ఎత్తవద్దు. నువ్వు మంచం మీద కూర్చొని, దానినే ఎక్కి పక్కన కూర్చొమ్మను. మూడో నెలలో జుట్టు రాలుతుంది, దువ్వెన చూసి ఏడవకు, ప్రొటీన్ సరిగా తీసుకుంటే చాలావరకు మళ్లీ వస్తుంది. ఇంకొక మాట మీ పెద్దమ్మ రాయమన్నది, నేను రాయడానికి మొహమాటపడుతున్నాను: రెండో కాన్పు సంగతి ఏడాది, ఏడాదిన్నర దాకా తలపెట్టవద్దట. బరువు తగ్గుతున్నకొద్దీ గర్భం త్వరగా నిలుస్తుందట కూడా, కాబట్టి ముందే లేడీ డాక్టరును అడగమన్నది.

నువ్వు ఇంటికి వచ్చిన రోజు నుండి సాయంత్రం ఏడింటికి నేను ఫోన్ చేస్తాను. ఎలా ఉన్నావని అడగను, ఈ రోజు వాంతి అయిందా అనే అడుగుతాను. విసుక్కున్నా సరే, జవాబు మాత్రం నిజం చెప్పు.

మీ నాయనతో ఒక చిన్న పొట్లం పంపుతున్నాను. అందులో వెండి ఉగ్గుగిన్నె ఉంది. మీ పెద్దమ్మ కొలిచి చూసింది, నిండా పోస్తే 30 మిల్లీలీటర్లు పడుతున్నది, నీ మొదటి వారానికి సరిగ్గా సరిపోతుంది. మీ అమ్మకు పచ్చకామెర్లు వచ్చి నువ్వు మూడు నెలలు మా ఇంట్లో పెరిగినప్పుడు దీనితోనే నీకు ఉగ్గు పోశాము. అంచు మీద ఉన్న సొట్ట నువ్వు విసిరికొట్టినప్పుడు పడిందే.

ఇట్లు,
నీ పెద్దనాయన