సముద్రం దగ్గర కుదిరింది, అత్తయ్య దగ్గర కుదరడం లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. నాకు 38 ఏళ్ళు. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నిరుడు ఒక ధ్యాన శిబిరానికి వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకుని చుట్టూ ఉన్న శబ్దాలను వినడం నేర్పారు. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున బీచికి వెళ్ళి అరగంట ఇసుకలో కూర్చుంటాను. అలలు వింటుంటే మనసు తేలికపడుతుంది. చిక్కంతా ఇంటికి వచ్చాకే. మా అత్తయ్యకు 74 ఏళ్ళు. మామయ్య పోయి మూడేళ్ళయింది. వేళకు భోజనం, మందులు, కంటి పరీక్షలు... ఆమె శుశ్రూషలో నేను ఏ లోటూ చేయలేదు. కానీ ఆమె మాటలు మొదలుపెడితే ఒళ్ళు మండిపోతుంది. చెప్పిందే చెబుతారు. ముఖ్యంగా హుద్‌హుద్ తుఫాను కథ. కిటికీ అద్దాలు పగలడం, గాలి ఉన్నట్టుండి ఆగిపోవడం, స్కూటరు ఎలా ఉందో చూసి వస్తానని మామయ్య మేడ దిగడం... అక్కడికి వచ్చేసరికి మాలో ఎవరో ఒకరం ‘తెలుసు, వేపచెట్టు పడింది’ అని ముగించేస్తాం. ‘మర్నాడు పొద్దున కాకి కూడా అరవలేదమ్మా’ అని గొణుక్కుంటూ ఆమె లేచి వెళ్ళి టీవీ పెద్దగా పెట్టుకుంటారు. మొన్న మావారు ‘సముద్రం ఘోష వినడానికి నీకు చెవులుంటాయి, మా అమ్మ మాట వినడానికి ఉండవు’ అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. నేను నేర్చుకున్నదంతా బూటకమేనా?

జవాబు: బూటకమేమీ కాదు. కాకపోతే మీరు నేర్చుకున్నది సులువైన సగం.

సముద్రం మిమ్మల్ని ఏమీ అడగదు. చారులో ఉప్పెక్కువైందని అనదు, ఆడపడుచుతో పోల్చదు. దానికి జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు, అందుకే అక్కడ చెవి హాయిగా తెరుచుకుంటుంది. అదే అత్తయ్య ‘అమ్మాయ్’ అని పిలిచేసరికి మీలోపల ఒక వకీలు కోటు తొడుక్కుని లేస్తాడు. ఆమె వాక్యం సగంలో ఉండగానే ఆయన వాదన సిద్ధం. ఇక వినేదెవరు?

ఈ వకీలు నాకూ తెలుసు. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ నా ఎదురుగా కూర్చుని కొడుకు గురించి చెబుతున్నారు. నేను ముందుకు వంగి, తల ఆడిస్తూ, శ్రద్ధంతా ముఖం మీద పులుముకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆవిడ ఆగి, ‘జవాబు వెతుక్కుంటున్నారు కదూ? వెతుక్కోండి, తర్వాత చెబుతాను’ అన్నారు. నిజంగానే నేను ఆమెకు ఇవ్వబోయే సలహాను మనసులో పేరుస్తున్నాను. ఆమె చెప్పిన చివరి నాలుగు మాటలు ఏమిటని అడిగితే ఆ క్షణాన నేను తెల్లముఖం వేయాల్సిందే. నాకు జీతమిచ్చేదే వినడానికి!

మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే గమనించని సంగతి ఒకటి ఉంది. ఆ తుఫాను కథ మొదలు రాశారు, చివరి వాక్యం రాశారు. మధ్యది లేదు. మామయ్య మేడ దిగారు, చెట్టు పడింది, మర్నాడు కాకి అరవలేదు. దిగిన ఆయన ఎప్పుడు తిరిగి వచ్చారు? ఆ చెట్టు పడినప్పుడు ఆయన ఎక్కడున్నారు? ఈమె కిటికీ దగ్గర నిలబడి చూసిందా, వెనకే పరుగెత్తిందా? కొన్నేళ్ళుగా మీ ఇంటిల్లిపాదీ విన్న కథ ఇది. మీకు తెలియదు, ఎందుకంటే ఆమె ఆ మెట్టు దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు చెట్టును పడేస్తున్నారు.

2014 అక్టోబరు 12 ఆదివారం నాటి సంగతి మన ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల కోసం వరసలు కట్టాం. తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్ళేటప్పుడు గాలి చప్పున పడిపోతుంది, కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ మధ్య వ్యవధిలోనే చాలామంది అంతా అయిపోయిందనుకుని బయటికి అడుగుపెడతారు. మీ మామయ్య స్కూటరు చూడటానికి దిగింది ఆ వ్యవధిలోనే అయి ఉంటుందని నా అనుమానం. అలాగైతే అది స్కూటరు కథ కాదు, చెట్టు కథ అంతకన్నా కాదు.

లోపల ఏముందో నేను ఊహించి చెప్పకూడదు. అసలు ఏమీ లేకపోవచ్చు కూడా. అయినా ఆ చివరి వాక్యం చూడండి, ‘కాకి కూడా అరవలేదు’. ఊరంతా కూలిన చెట్లనూ ఎగిరిన రేకులనూ చూస్తున్న పొద్దున ఒక మనిషి లేని శబ్దాన్ని విన్నది. మీరు శిబిరానికి వెళ్ళి నేర్చుకున్న విద్య ఆమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. మీ ఇంట్లో మీ జాతి మనిషి ఆమె ఒక్కతే.

అల కూడా చెప్పిందే చెబుతుంది. ‘ఇది నిన్న విన్నానే’ అని మీరు ఏ అలనూ ఆపలేదు. ఒకటి బరువుగా విరుగుతుంది, ఒకటి గులకరాళ్ళను ఈడ్చుకుంటూ వెనక్కి పోతుంది, ఆ తేడాల కోసమే కదా కళ్ళు మూసుకునేది. పెద్దవాళ్ళు తిరిగి తిరిగి చెప్పే కథను కూడా అలాగే వినాలి. నిన్న లేని మాట ఈరోజు ఏది వచ్చింది, గొంతు ఎక్కడ తగ్గింది, చెయ్యి కొంగు చివరను ఎక్కడ నలిపింది.

శుశ్రూషలో లోటు చేయలేదని రాశారు. నమ్ముతాను. కానీ ఆ మాట పుట్టుక తెలుసా? సంస్కృతంలో ‘శ్రు’ అంటే వినడం, శుశ్రూష అంటే వినాలనే కోరిక. గురువు మాట వినాలని కోరుకున్నవాడు ఆయన దగ్గరే ఉండి నీళ్ళు తోడి, కాళ్ళు పట్టేవాడు, క్రమంగా ఆ పనులకే ఆ పేరు స్థిరపడింది. మందులూ భోజనమూ మిగిలాయి, చెవి జారిపోయింది. మీ ఒక్క ఇంటి సంగతే కాదు లెండి, చాలా ఇళ్ళలో ఇదే చూస్తున్నాను.

మీ శిబిరంవారు చెప్పారో లేదో కానీ, చుట్టూ ఉన్న శబ్దాలను ఇలా శ్రద్ధగా వినే సాధనకు ఉన్న ‘లోతైన వినికిడి’ (డీప్ లిజనింగ్) అనే పేరు వెనక ఒక సరదా కథ ఉంది. పాలీన్ ఆలివెరోస్ అనే అమెరికన్ సంగీతకారిణి 1988లో ఇద్దరు తోటివారితో కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలో భూమికి 14 అడుగుల లోతున ఉన్న పాత నీటితొట్టిలోకి దిగి వాయించారు. ఆ పేరులోని ‘లోతు’ సగం వేళాకోళమే, నిజంగా అంత లోతున కూర్చున్నారు మరి. ఆ తొట్టిలో ఒక స్వరం పలికితే దాని ప్రతిధ్వని 45 సెకన్ల దాకా చావదట. తొందరపడి ఇంకో స్వరం వేస్తే రెండూ కలిసి రొద అవుతాయి. ఆగి, వేసినది ఏమవుతోందో విని, అప్పుడు తర్వాతది వేయాలి. ఇల్లు కూడా అలాంటి తొట్టే. ‘తెలుసు, చెట్టు పడింది’ అనే మూడు మాటలు మీ నోట రెండు సెకన్లు, ఆమె గదిలో ఎంతసేపు మోగుతాయో!

తొట్టి అంటే గుర్తొచ్చింది. భీమిలి దారిలో తొట్లకొండ చూసే ఉంటారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు. వానాకాలంలో మూడు నెలలు తిరగడం మాని బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవారు. బుద్ధుడి శిష్యులను ‘శ్రావకులు’ అంటారు, అంటే వినేవారు. కొండపై నుంచి సముద్రం కనిపిస్తుంది కానీ ఘోష బాగా పలచబడి వస్తుంది. ఒక సాయంత్రం అత్తయ్యను కారులో అక్కడికి తీసుకెళ్ళండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేనివాళ్ళు ఒకే వైపు చూస్తూ చాలా మాట్లాడతారు, ఇది నా వృత్తి నేర్పిన కిటుకు.

ఇంట్లో మాత్రం ఇలా మొదలుపెట్టండి. సాయంత్రం టీ వేళ, పదే పది నిమిషాలు. ఫోను వేరే గదిలో ఉండాలి. ఆమె చెప్పేటప్పుడు మీ పని ఒక్కటే, ఊ కొట్టడం. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊ కొట్టడం ఆపగానే ‘నిద్రపోయావా’ అని ఆమె ఆగిపోయేది, గుర్తుందా? నిద్రమత్తులో కొట్టే ఊకూ, ‘తర్వాత ఏమైంది’ అనే ఊకూ తేడా ఆమెకు చీకట్లో కూడా తెలిసేది. మీ అత్తయ్యకూ తెలుస్తుంది, నటించకండి. సలహా వద్దు, తేదీలు సరిదిద్దడం వద్దు. వియత్నాం బౌద్ధ గురువు తిక్ నాట్ హాన్ బోధించిన పద్ధతి కూడా ఇదే. ఎదుటివారు పొరపాటు చెబుతున్నా అప్పుడు వినడమే పని, దిద్దడానికి వేరే రోజుంటుంది. వకీలు లేస్తాడు, లేవనివ్వండి. బీచిలో ఐస్‌క్రీం బండి గంట వినిపిస్తే మీరేం చేస్తారు? అది గంట అని గుర్తించి మళ్ళీ అలల దగ్గరికి వస్తారు. అంతే.

కోపం మరీ ముంచుకొచ్చిన రోజు వినకండి. జాలరిపేట దగ్గర పడవను నీళ్ళలోకి తోసేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? పెద్ద అలలు వరసగా కొన్ని వస్తాయి, వాటి వెనక కాస్త తెరిపి ఉంటుంది. వాళ్ళు పడవ పట్టుకుని ఆ తెరిపి కోసం నిలబడతారు. మీరూ ‘అత్తయ్యా, తల నొప్పిగా ఉంది, రేపు చెబుదురుగాని’ అనవచ్చు. రేపు మాత్రం మీరే గుర్తుచేయాలి. వినడమంటే ఒప్పుకోవడం కాదనీ, దెప్పిపొడుపులను చెవులప్పగించి వినాల్సిన పని లేదనీ మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి. కంటి పరీక్ష రాశారు, చెవి పరీక్ష రాయలేదు. టీవీ పెద్దగా పెట్టుకుంటారని మాత్రం రాశారు. వయసుతో వచ్చే వినికిడి లోపం సన్నని శబ్దాలతో మొదలవుతుంది. గొంతు వినిపిస్తుంది, మాట విడిపడదు, ఎందుకంటే స, శ, త, క లాంటి హల్లులు ముందు జారిపోతాయి. అందుకే వాళ్ళు ‘నాకు వినిపించడం లేదు’ అనరు, ‘మీరంతా నసుగుతారు’ అంటారు. పైగా వినికిడి తగ్గినవారిలో కొందరికి మాటలు ఎక్కువవుతాయి. తామే మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివారి మాట పట్టుకునే ప్రయాస ఉండదు కదా. ఒక పొద్దున ఆమెను బాల్కనీలో కూర్చోబెట్టి ఏమేం వినిపిస్తున్నాయో ఇద్దరూ వంతులేసుకుని చెప్పుకోండి. కోయిల వినిపించి, పిచ్చుకల కిచకిచ వినిపించకపోతే అది పరీక్ష కాదు గానీ ఒక సూచన. (అన్నట్టు, కుహూ అనేది మగకోయిల. మన పాటల్లో కోయిలమ్మలంతా తమవి కాని బిరుదులు మోస్తున్నారు.) ఏది ఏమైనా చెవి డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించండి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమంటారు, నొప్పేమీ ఉండదు. పాత కథ తిరిగి చెప్పడం వేరు, పది నిమిషాల కింద అడిగిందే మళ్ళీ అడగడం, తెలిసిన దారి తప్పడం వేరు. ఆ రెండోది కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా నరాల వైద్యుడికి చూపించండి.

ఇక మీవారు. ఆయన మాట సూటిగానే ఉంది, కానీ చెట్టును పడేసేవారిలో ఆయన కూడా ఉన్నారు కదా, ‘మాలో ఎవరో ఒకరం’ అని మీరే రాశారు. ఆ ఆదివారం ఆయన ఎక్కడున్నారో మీ ఉత్తరంలో లేదు. ఊళ్ళో లేకపోతే, ఫోన్లు పలకని ఆ రోజుల్లో ఈమె కొడుకు కోసం ఎంత తల్లడిల్లిందో అదీ ఆ మధ్యభాగంలోనే ఉండవచ్చు. ఎత్తిపొడుపుగా కాకుండా, మామూలుగా అడగండి. వచ్చే ఆదివారం సాయంత్రం టీ ఆయన్నే పెట్టమనండి. ముగ్గురూ బాల్కనీలో కూర్చోండి, టీవీ కట్టేసి ఉండాలి. ‘అత్తయ్యా, ఆ రోజు మామయ్య కిందికి దిగాక ఏమైంది?’ అని మీరు అడగండి. ఎంతసేపు పట్టినా సరే, వేపచెట్టు మాట మీరిద్దరూ ఎత్తవద్దు. అది ఆమెనే చెప్పనివ్వండి.