ఉప్పుగాలిలో హెలికాప్టర్ నిలవాలంటే

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మీ కాలనీవాళ్లూ మాజీ సైనికులూ కలిసి కమిటీ వేసుకున్నారనీ, నేవీ సేవల నుంచి తప్పించిన రెస్క్యూ హెలికాప్టర్ ఒకటి అడిగి తెచ్చి మీ ఊరి బీచ్ పార్కులో పెట్టాలనుకుంటున్నారనీ రాశావు. చాలా సంతోషం తల్లీ. యూహెచ్-3హెచ్ రకం అడుగుతామన్నారు కాబట్టి దాన్నే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తెచ్చుకోవడం పెద్ద పని కాదు. తెచ్చాక మూడో వానాకాలం దాటించడమే అసలు పని. కమిటీలో అందరూ ప్రారంభోత్సవం గురించే మాట్లాడుతుంటే, నువ్వు మాత్రం కప్పు గురించీ కడగడం గురించీ అడుగుతూ ఉండు.

ఈ రకం హెలికాప్టర్లు ఆరు, 2007లో జలాశ్వ నౌకతో పాటు అమెరికా నుంచి మనకొచ్చాయి. 2009 మార్చి 24న విశాఖలో ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్‌లో చేరాయి. 'సారస్' అని పేరు. 2024 జూన్ 28న విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో వాటికి వీడ్కోలు పలికి, ఒకదాన్ని విశాఖలో ప్రజల ప్రదర్శనకు కేటాయించారు. మీరు నేవీకి ఉత్తరం రాయకముందే ఒకరోజు విశాఖ వెళ్లిరండి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచీ, నేవీ నిఘా విమానం టీయూ-142 2017 డిసెంబరు నుంచీ ఉప్పుగాలిలోనే నిలబడి ఉన్నాయి. సందర్శకుల్లా ముందు నుంచి చూసి వచ్చేయొద్దు. కిందకి వంగి పొట్ట భాగం చూడండి, రివెట్ల వరసలు చూడండి. చూసుకునే సిబ్బందిని ఎన్నాళ్లకోసారి కడుగుతారో, ఎన్నేళ్లకోసారి రంగు వేస్తారో అడిగి రాసుకోండి.

అర్జీ కమిటీ పేర పెట్టొద్దు. మున్సిపాలిటీ పేరనో కలెక్టరు ద్వారానో పంపించండి. కమిటీలు విడిపోతాయి, పదవులు మారతాయి. యంత్రం ఎవరి లెక్కల్లో ఉందో కాగితం మీద లేకపోతే పదేళ్లకు అది ఎవరిదీ కాకుండా పోతుంది. నిర్వహణ బాధ్యత మీ కమిటీది అని విడిగా ఒప్పందం రాసుకోండి.

ఇక స్థలం. పైన తిరిగే రోటర్ అడ్డంగా 62 అడుగులు, బ్లేడ్లు ఐదు. ముందు బ్లేడు కొస నుంచి తోక రోటర్ కొస దాకా దాదాపు 73 అడుగులు. చుట్టూ పదేసి అడుగులు వదిలితే 93 అడుగుల పొడవూ 82 అడుగుల వెడల్పూ కావాలి. అంత లేకపోతే బ్లేడ్లు వెనక్కి మడిచి పెట్టొచ్చు, నౌకల మీద అలాగే ఉంచేవారు. మడిచి పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. చాచిన బ్లేడు గాలికి ఊగి ఊగి మొదట్లో పట్టు వదిలేస్తుంది. పైగా మడిచినదాని మీద కప్పు వేయడం సులువు, ఖర్చు తక్కువ. అదీ కుదరకపోతే చేతక్ అనే చిన్న హెలికాప్టర్ అడగండి. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను తెచ్చిన చరిత్ర దానికీ ఉంది, రోటర్ 36 అడుగులే, బరువు ఒకటిన్నర టన్ను కూడా ఉండదు. చిన్నది తెచ్చి శుభ్రంగా ఉంచుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు.

పునాది విషయంలో లెక్క చూడు. మన గాలి ప్రమాణాల ప్రకారం విశాఖ తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్కగడతారు. అంటే చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి. హెలికాప్టర్ పక్కభాగం 40 చదరపు మీటర్లు అనుకుంటే మొత్తం ఆరు టన్నుల తోపు. ఖాళీ యంత్రం బరువు దాదాపు అయిదున్నర టన్నులే, ఇంజన్లు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి గాలి గుర్తు తెచ్చుకుంటే, టైర్ల మీద నిలబెట్టి తాళ్లతో కట్టడం చాలదని తెలుస్తుంది. నా అంకెలు అంచనా కోసమే. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించి సంతకం తీసుకోండి. జాకీ పెట్టే చోట్ల కింద ఉక్కు స్టాండ్లు పెట్టి, వాటిని కాంక్రీటులోని బోల్టులకు బిగించాలి. బరువు స్టాండ్ల మీద ఉండాలి, టైర్లు నేలకు తాకీతాకనట్టు ఉండాలి. లేకపోతే రెండేళ్లలో టైర్లు చదునై, యంత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఉక్కు స్టాండుకీ అల్యూమినియం శరీరానికీ మధ్య నియోప్రీన్ రబ్బరు పలక తప్పనిసరి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పుతడిలో తగులుకుంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి.

అప్పగించే రోజు సంతకం పెట్టే ముందు, అన్నీ తీసేశామని లిఖితపూర్వకంగా తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంధనం, హైడ్రాలిక్ నూనె, బ్యాటరీ ఎవరికైనా తడతాయి. తట్టనిది మందుగుండు. మనిషిని పైకి లాగే హాయిస్ట్ తీగ ఏ కొమ్మకో ఓడ స్తంభానికో చిక్కుకుంటే హెలికాప్టర్‌నే కిందికి లాగేస్తుంది. అందుకని స్విచ్ నొక్కగానే తీగను తెంచేయడానికి హాయిస్ట్‌లో చిన్న మందుగుండు గుళిక పెడతారు. మంటలార్పే సీసాలను పేల్చే గుళికలు ఇంజన్ దగ్గర ఉంటాయి. అగ్గిపెట్టెకన్నా చిన్నవి, చూడటానికి మామూలు వైరు కనెక్టర్లలాగే ఉంటాయి. వీటిని నేవీ ఆయుధ నిపుణులే తీయాలి, మీలో ఎవరూ ముట్టుకోవద్దు. చక్రాల కాళ్లలో కుదుపును తట్టుకునే షాక్ స్ట్రట్లలో, నూనె ఒత్తిడిని నిలవ ఉంచే హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్లలో ఒత్తిడితో ఉన్న గ్యాస్ కూడా వదిలేయించాలి. పాత మీటర్ల మెరిసే రంగులోనూ, బ్లేడు పగుళ్లు చూపే కొన్ని పాత సూచికల్లోనూ రేడియోధార్మిక పదార్థం ఉండొచ్చు. రేడియేషన్ మీటరుతో ఒకసారి కొలిపించి ఆ కాగితం కూడా ఫైల్లో పెట్టండి.

తరలింపు గురించి క్లుప్తంగా చెబుతాను. బ్లేడ్లు విప్పి, ఏది రోటర్ తల మీది ఏ చేతిదో అంకె వేసి, మెత్త వేసిన చెక్క ఊయలల్లో విడిగా పంపాలి. రోటర్ తల మాత్రం విప్పొద్దు, క్రేన్ పట్టుకునేది అక్కడే. తోక మడిచినా, నేలకు దగ్గరగా ఉండే లోబెడ్ ట్రైలర్ మీద ఎత్తు 19 అడుగుల దాకా వస్తుంది. ముందురోజే అంత పొడవు వెదురుగడ పట్టుకుని దారంతా తిరిగి, అడ్డొచ్చే కరెంటు తీగలు రాసుకుని విద్యుత్ శాఖకు ఇవ్వండి.

ఇప్పుడు అసలు శత్రువు గురించి. ఈ హెలికాప్టర్ పొట్ట పడవలా ఉంటుంది, అవసరమైతే నీళ్ల మీద దిగేలా కట్టారు. నీళ్లు లోపలికి రానివ్వకుండా కట్టినది కాబట్టే, లోపలికి చేరిన నీళ్లను బయటికీ పోనివ్వదు. కిటికీ రబ్బరు ఎండి పగిలితే చాలు, వాన నీరు నేల పలకల కిందకి చేరి నెలల తరబడి అక్కడే ఉంటుంది. పైనుంచి రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల చట్రం తెల్లటి పిండి అవుతుంది. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, సున్నంలా తెల్లగా పొడి రాలుతుంది. అందుకని అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ తీసేసి, ఆ రంధ్రాలకు ప్లాస్టిక్ జాలీ పెట్టండి. స్టాండ్లు బిగించే ముందే లోపల ఒక బకెట్ నీళ్లు పోసి ఏ రంధ్రం నుంచి ఎంత బయటికొచ్చిందో చూడండి. ఎక్కడ నిలిచిందో దాన్ని బట్టి స్టాండ్ల ఎత్తు సరిచేసి వాలు ఇవ్వండి. ఒకసారి కాంక్రీటు వేశాక ఈ పని కుదరదు.

కప్పు విషయంలో రాజీ పడొద్దు. గోడలు లేకపోయినా ఫరవాలేదు, పైన షెడ్డు ఉండాలి. ఎండ ఆగితే కిటికీ రబ్బర్లూ రంగూ ఎక్కువ కాలం ఉంటాయి. కానీ ఒక మెలిక ఉంది. కప్పు కింద వాన పడదు కాబట్టి, ఒంటిమీద చేరిన ఉప్పు తనంతట కడుక్కుపోదు. చేత్తో కడగాల్సిందే. పదిహేను రోజులకోసారి, సముద్రపు గాలి ఎక్కువగా ఉండే నెలల్లో వారానికోసారి. మంచినీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తటి కుంచె. బీచ్ పక్క బోరు నీళ్లు వాడొద్దు, ఉప్పునీళ్లతో ఉప్పు కడిగినట్టే అవుతుంది. ప్రెషర్ పంపు కూడా వద్దు, కీళ్లలోని గ్రీజు కొట్టుకుపోయి ఆ చోట నీళ్లు దూరతాయి. కిటికీలు గాజు అనుకుని అద్దాలు తుడిచే ద్రావణం కొడతారు, అవి చాలావరకు యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. అమ్మోనియా, థిన్నర్, పెట్రోలు తగిలితే సాలెగూడులాంటి సన్న పగుళ్లు వస్తాయి, మళ్లీ పోవు. సబ్బునీళ్లూ పాత నూలు గుడ్డా చాలు.

రంగు వేసే ముందు ఒంటిమీద ఉన్న ప్రతి అక్షరం, అంకె, గుర్తు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ట్రేసింగ్ పేపరు మీద దించుకోండి. పాత ప్రైమర్‌లో, అంటే రంగు కింద వేసే తొలి పూతలో, క్రోమేట్ అనే విషపదార్థం ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. పొడిగా రుద్దనివ్వొద్దు, తడిపి రుద్దాలి, ఆ బురద విడిగా పోగుచేయాలి. ఇసుక బ్లాస్టింగ్ అసలే వద్దు, ఈ రేకు మందం మిల్లీమీటరు అటూఇటూ, వంకరలు పోతుంది. ఎపాక్సీ ప్రైమర్, దానిపైన రెండు పూతల పాలీయూరిథేన్. రంగు వేయాల్సిన ఒళ్లంతా 150 చదరపు మీటర్లు అనుకుంటే, గాలికి పోయేది కలిపి ఒక్కో పూతకు 25 లీటర్లు తెప్పించండి. స్ప్రే చేసే మనిషికి బయటి గాలి అందించే మాస్కు ఉండాలి, గుడ్డ మాస్కు పనికిరాదు. తెల్లవారుజామున రేకు మీద మంచు చెమ్మ ఉంటుంది, ఎండెక్కి ఆరాకే మొదలుపెట్టాలి. చెమ్మ మీద వేసిన రంగు ఏడాదికే రివెట్ల చుట్టూ పొక్కులు లేస్తుంది. పొక్కు కనబడితే పైన పూసి కప్పేయొద్దు, గీకి లోహం దాకా చూడండి.

ఇంజన్ నోళ్లకూ పొగ గొట్టాలకూ సన్న జాలీ బిగించండి. గోరింకలు ఒక్క సీజన్లో గంపెడు గడ్డి చేరుస్తాయి, ఆ గడ్డి తడిని పట్టుకుని కూర్చుంటుంది. రెట్ట కూడా లోహాన్ని తింటుంది.

జనాన్ని కాక్‌పిట్‌లోకి ఎక్కనివ్వొద్దన్నది నా గట్టి మాట. మొదట పోయేవి స్విచ్చులే, అవి మళ్లీ దొరకవు. కుడివైపు పెద్ద తలుపు దగ్గర రెయిలింగుతో మెట్లవేదిక కట్టి అక్కడి నుంచి చూపించండి. పిల్లలు ఆగి చూసేది హాయిస్ట్ దగ్గరే. 270 కిలోల దాకా లాగేది అది. దాని కొక్కేనికి రెస్క్యూ బుట్ట తగిలించి, అందులో మనిషంత బొమ్మను కూర్చోబెడితే ఈ యంత్రం ఏం చేసేదో చెప్పకుండానే తెలుస్తుంది. బరువు మాత్రం హాయిస్ట్ మీద వేయొద్దు, పై నుంచి విడిగా తీగ కట్టండి.

ఒక లావుపాటి పుస్తకం పెట్టి, కడిగిన తేదీ, చూసినవాళ్ల పేరు, ఏ చోట పొక్కు కనబడిందో రాయించు. కమిటీలో ఐదుగురికి వంతులు వెయ్యి, ఒక్కరి మీద వదిలేయొద్దు. ఏడాది నిర్వహణ డబ్బు బ్యాంకులో పడ్డాకే ప్రారంభోత్సవం తేదీ పెట్టుకోండి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు నేల పలకలు ఎత్తించి, కింద చెయ్యి పెట్టి చూసి, తడి తగిలిందో లేదో నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య